రిపోర్టులో వైరస్ పేరు ఉంటుంది, తేదీ ఉండదు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 28. కాకినాడలో ఒక ప్రైవేటు బ్యాంకులో పనిచేస్తున్నాను. పెళ్ళై ఎనిమిది నెలలైంది. మావారు ఉద్యోగం పనిమీద తరచుగా చెన్నై వెళ్ళొస్తుంటారు. పోయిన నెల ఆయన చెన్నై నుంచి వచ్చిన వారానికి నాకు జ్వరం, ఒళ్ళు నొప్పులు, మూత్రంలో విపరీతమైన మంట మొదలయ్యాయి. గజ్జల్లో బిళ్ళలు కట్టాయి. మందుల షాపులో అడిగితే యూరిన్ ఇన్ఫెక్షన్ అని మాత్రలు, దురదకని ఒక క్రీమ్ ఇచ్చారు. క్రీమ్ రాశాక పొక్కులు పుండ్లై ఇంకా పెరిగాయి. నాలుగో రోజు గైనిక్ డాక్టర్ చూసి, స్వాబ్ తీసి పీసీఆర్ పరీక్షకి పంపారు. 'హెర్పిస్ సింప్లెక్స్ టైప్-1 పాజిటివ్' అని వచ్చింది. ఏడు రోజులు ఎసైక్లోవిర్ వాడాను, తగ్గింది.

మావారికి రక్తపరీక్ష చేయిస్తే టైప్-1 ఐజీజీ పాజిటివ్, టైప్-2 ఐజీజీ నెగెటివ్, ఐజీఎం పాజిటివ్ అని వచ్చింది. ఐజీఎం ఉంటే ఈమధ్య సోకినట్టని రిపోర్టు కిందే రాసి ఉంది. అంటే ఆయనకి చెన్నైలో ఎవరి దగ్గరో అంటుకున్నట్టే కదా? ఆయన ఒట్లు వేస్తారు, అరుస్తారు, డాక్టర్ దగ్గరికి రమ్మంటే మాత్రం రారు. ఫోనంతా వెతికాను, ఏమీ దొరకలేదు. చిన్నప్పటి నుంచి జ్వరం వస్తే మూతి పేలడం తప్ప తనకి ఏ జబ్బూ లేదంటారు. మూడు వారాలుగా మా మధ్య మాటల్లేవు. అమ్మకి చెబితే వచ్చేయమంటుంది. అత్తగారు 'హెర్పిస్' అన్న మాట విని సర్పి అనుకుని, మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకెళ్తానంటున్నారు. ఇది జీవితాంతం ఉంటుందా? పుట్టే పిల్లలకి వస్తుందా? మా ఆడపడుచు రెండేళ్ళ పాప మా ఇంట్లోనే పెరుగుతోంది, దాన్ని ఎత్తుకోవాలన్నా భయంగా ఉంది. మాత్రలు సగం స్ట్రిప్పు మిగిలాయి, పారేయనా? నా పేరు వేయకండి.

సమాధానం: మీరు అడిగిన పెద్ద ప్రశ్నకి జవాబు మీ ఉత్తరంలోనే ఉందమ్మా. మీరు దాన్ని మీ ఆయన చెప్పిన సాకులా రాసి ముందుకెళ్ళిపోయారు. చిన్నప్పటి నుంచి జ్వరం వస్తే ఆయనకి మూతి పేలుతుంది. ఆ పేలడం పేరే హెర్పిస్ సింప్లెక్స్ టైప్-1. మన ఇళ్ళలో దాన్ని ఎవరూ జబ్బు కింద లెక్కవేయరు. వేడి చేసిందంటారు, మజ్జిగ తాగమంటారు, నాలుగు రోజుల్లో పక్కు కట్టి రాలిపోతుంది. మీ స్వాబ్‌లో దొరికింది కూడా అదే టైప్-1.

ఈ వైరస్ చాలామందికి పసితనంలోనే సోకుతుంది. పెదవి మీద పొక్కు ఉన్న పెద్దవాళ్ళు ముద్దు పెట్టుకోవడం వల్ల, ఎంగిలి వల్ల వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం 50 ఏళ్ళలోపు వాళ్ళలో దాదాపు 380 కోట్ల మందికి టైప్-1 ఉంది. వందకి 64 మంది. వాళ్ళలో ఎక్కువమందికి ఒక్క పొక్కు కూడా రాదు, ఉన్నట్టే తెలియదు. మీ ఆయనకి కనీసం కనబడింది.

ఆ పెదవి నుంచి మీకు అక్కడికి ఎలా వచ్చిందంటే, ఓరల్ సెక్స్ వల్ల. ఆ వివరం మీరు రాయలేదు, నేను అడగను. అది మీ ఇద్దరికీ తెలుస్తుంది. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఆ రోజు ఆయన పెదవి మీద పొక్కు ఉండి తీరాలని లేదు. బయటికి ఏమీ కనబడని రోజుల్లో కూడా అప్పుడప్పుడు ఈ వైరస్ లాలాజలంలోకి వస్తుంటుంది. ఎనిమిది నెలలుగా రానిది ఇప్పుడే ఎందుకొచ్చిందన్న అనుమానానికి కూడా సమాధానం అదే. కొందరు దంపతుల్లో మొదటి నెలలోనే సోకుతుంది, కొందరిలో పదేళ్ళకి. ఒకప్పుడు టైప్-1 నోటికి, టైప్-2 కింది భాగానికి అని విడదీసి చెప్పేవారు. ఇప్పుడు చాలా దేశాల్లో జననాంగాల దగ్గర మొదటిసారి వచ్చే హెర్పిస్‌లో టైప్-1 వాటా పెద్దదే. నెట్‌లో దొరికే పాత పేజీలు ఇంకా ఆ పాత లెక్కలోనే ఉన్నాయి.

ఇక ఐజీఎం. మీ ఇంట్లో మూడు వారాల మౌనానికి కారణమైన ఆ ఒక్క లైను గురించి కాస్త వివరంగా చెబుతాను.

ఏదైనా క్రిమి కొత్తగా ఒంట్లోకి వచ్చినప్పుడు మొదట ఐజీఎం అనే యాంటీబాడీలు, తర్వాత ఐజీజీ తయారవుతాయని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. కొన్ని జబ్బుల్లో ఆ లెక్క పనికొస్తుంది. హెర్పిస్‌లో పనికిరాదు. పాత వైరస్ మళ్ళీ లేచినప్పుడు కూడా ఐజీఎం పాజిటివ్ రావచ్చు. టైప్-1కీ టైప్-2కీ తేడా చెప్పదు. ఒక్కోసారి అదే కుటుంబానికి చెందిన ఆటలమ్మ వైరస్‌ని చూసి కూడా పాజిటివ్ అంటుంది. అందుకే అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ లాంటివి హెర్పిస్‌కి ఐజీఎం పరీక్ష చేయించవద్దని సూటిగా చెబుతున్నాయి. మన ల్యాబుల్లో మాత్రం ప్యాకేజీలో భాగంగా చేస్తూనే ఉంటారు, కింద ఆ రెడీమేడ్ వాక్యం అచ్చవుతూనే ఉంటుంది. ఆ వాక్యం మీ ఆయన రక్తాన్ని చూసి ఎవరూ రాసింది కాదు. ఆ పరీక్ష చేయించుకున్న అందరి రిపోర్టులోనూ ఉంటుంది.

ఐజీజీ నమ్మదగిందే, కానీ అది చెప్పేది తక్కువ. టైప్-1 ఐజీజీ పాజిటివ్ అంటే ఆ వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని. మూడేళ్ళ వయసులోనా, ముప్ఫయ్యో ఏటనా అన్నది దాన్ని బట్టి తెలియదు. ఆయన విషయంలో చిన్నప్పటి మూతి పేలుడు ఉంది కాబట్టి అదే దానికి కారణమని అనుకోవడం సబబు.

మీ సంగతి వేరు. జ్వరం, గజ్జల్లో బిళ్ళలు, అంత మంట చూస్తే మీకిది కొత్తగా సోకినట్టే ఉంది. వైరస్ సోకాక సాధారణంగా 2 నుంచి 12 రోజుల్లో పొక్కులు వస్తాయి. ఆయన కొన్నాళ్ళు ఊళ్ళో లేరు, తిరిగొచ్చారు, ఇద్దరూ దగ్గరయ్యారు, వారానికి మీకు జ్వరం వచ్చింది. ఈ వరసలో చెన్నై చేసిన తప్పేమిటో నాకు కనబడటం లేదు.

మీ ఆయన ఎలాంటివారో నేను చెప్పలేను, ఏ డాక్టరూ చెప్పలేరు. ఆయన మీద మీకు వేరే కారణాలతో అనుమానం ఉంటే ఆ కారణాలనే ఎదురుగా పెట్టి అడగండి. ఈ రెండు కాగితాల్లో మాత్రం ఆయన తప్పు చేశారనడానికి ఏ ఆధారమూ లేదు. ఆయనకి టైప్-2 వచ్చి ఉంటే కథ ఇంకొంచెం చిక్కుపడేది. అప్పుడు కూడా అది పెళ్ళికి ముందుదా, ఏ సంవత్సరానిదా అన్నది ఏ పరీక్షా తేల్చదు.

ఆయన అరవడం, డాక్టర్ దగ్గరికి రానని మొండికేయడం నాకు నచ్చలేదు. చేయని తప్పుకి నిలదీస్తే కోపం వస్తుంది, నిజమే. కానీ భార్య నొప్పితో మూత్రానికి వెళ్ళలేక ఏడుస్తుంటే పక్కన కూర్చోవడానికి నిర్దోషి అని ఎవరో తేల్చే దాకా ఆగక్కర్లేదు. ఈ సమాధానం ఆయనకి చూపించండి. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఒక్కసారి డాక్టర్‌ని కలవండి. ఫోన్ వెతికిన విషయం ఆయనకి ఇప్పటికే తెలిసి ఉంటే దాచకుండా మాట్లాడుకోండి. అమ్మగారికి ఇప్పటికే చెప్పారు, ఇంతకుమించి చెప్పొద్దు. వచ్చేయమని ఆవిడ ప్రేమతోనే అంటారు. కానీ ఒకసారి బంధువుల్లోకి వెళ్ళిన మాట, మీరిద్దరూ రాజీపడ్డాక కూడా అక్కడే తిరుగుతుంటుంది.

జీవితాంతం ఉంటుందా అని అడిగారు. ఉంటుంది. చాలామంది డాక్టర్లు ఈ ఒక్క మాట చెప్పి, తర్వాతి మాట చెప్పేలోపు ఇంకో పేషెంటుని పిలుస్తారు. ఆ తర్వాతి మాటే ముఖ్యం. పుండ్లు మానాక వైరస్ చర్మం వదిలి నరాల వెంట వెనక్కి వెళ్ళి, వెన్ను చివరి భాగం దగ్గరి నరాల కణాల్లో ఉండిపోతుంది. మూతి పేలేవాళ్ళలో అయితే ముఖానికి వెళ్ళే నరం మొదట్లో ఉంటుంది. అక్కడ ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ ఉండదు. అప్పుడప్పుడు తిరిగి చర్మం దాకా రావచ్చు. ఎంత తరచుగా వస్తుందన్నది టైపుని బట్టి ఉంటుంది. జననాంగాల దగ్గర టైప్-2 వచ్చినవాళ్ళకి మొదటి ఏడాదిలో నాలుగైదుసార్లు తిరగబెట్టడం మామూలే. అదే చోట టైప్-1 అయితే సగటున ఏడాదికి ఒకసారి, ఆ తర్వాత ఇంకా తక్కువ. చాలామందికి మళ్ళీ రానే రాదు. మీది ఈ టైప్-1 రకమే. పైగా మొదటిసారి వచ్చినంత బాధ తర్వాత ఉండదు. జ్వరం, బిళ్ళలు లేకుండా రెండు మూడు పొక్కులొచ్చి వారంలోపు పోతాయి.

మందుల షాపు క్రీమ్ గురించి రాశారు. ఇది చదివే మిగతావాళ్ళు కూడా గమనించండి. దురదకని అడిగితే మన దగ్గర ఇచ్చే క్రీముల్లో చాలావాటిలో క్లోబెటసాల్ లాంటి గట్టి స్టీరాయిడ్, ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్ కలిపి ఉంటాయి. హెర్పిస్ పొక్కుల మీద స్టీరాయిడ్ రాస్తే అక్కడి చర్మానికి వైరస్‌తో పోరాడే శక్తి తగ్గుతుంది, పుండ్లు పెద్దవవుతాయి. మీకు జరిగింది అదే అయ్యుంటుంది. మిగిలిన ట్యూబు చెత్తబుట్టలో వేయండి. ఎసైక్లోవిర్ క్రీమ్ కూడా జననాంగాల దగ్గర పెద్దగా ఉపయోగపడదు. పనిచేసేది మాత్రలే. పసుపు, సున్నం, టూత్‌పేస్ట్, డెట్టాల్ నీళ్ళు ఏవీ వద్దు, ఆ చర్మానికి అవి కాల్చినంత పని చేస్తాయి.

మీరు వాడిన ఎసైక్లోవిర్ చాలా తెలివైన మందు. దాన్ని తయారుచేసిన బృందానికి పెద్దగా ఉన్న గెర్ట్రూడ్ ఎలియన్‌కి 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ మందు మామూలు కణాల్లో దాదాపు ఊరికే పడి ఉంటుంది. వైరస్ చొరబడిన కణంలో ఆ వైరస్ తయారుచేసుకున్న ఎంజైమే దాన్ని పనిచేసే మందుగా మారుస్తుంది, అక్కడితో వైరస్ పెరగడం ఆగిపోతుంది. దొంగ చేతే తలుపుకి తాళం వేయించడం లాంటిది. అందుకే దీనికి సైడ్ ఎఫెక్టులు తక్కువ. నీళ్ళు మాత్రం బాగా తాగాలి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి మోతాదు తగ్గించాలి. నరాల్లో నిద్రపోతున్న వైరస్‌ని ఇది చంపలేదు, ఇప్పటిదాకా ఏ మందూ చంపలేదు. 'హెర్పిస్ శాశ్వత నివారణ, 90 రోజుల కోర్సు' అని మీ ఫోన్‌లో ప్రకటనలు ఈపాటికే మొదలై ఉంటాయి. సుఖవ్యాధుల్ని నయం చేస్తామని ప్రకటించుకోవడాన్ని మన దేశంలో 1954 నాటి చట్టమే నిషేధించింది. డబ్బు పంపకండి.

మీకు మళ్ళీ వస్తుందనే సూచన ముందే తెలుస్తుంది. పొక్కు కనబడటానికి కొన్ని గంటల నుంచి ఒక రోజు ముందు అదే చోట చిమచిమలాడటం, సూదులు గుచ్చినట్టుండటం, పిరుదులోకో తొడలోకో నొప్పి లాగడం ఉంటాయి. మాత్ర మొదలుపెట్టాల్సింది అప్పుడే. పుండు పడ్డాక మొదలుపెడితే లాభం సగం పోతుంది. తిరగబెట్టినప్పుడు వాడే కోర్సులు చిన్నవి. ఎసైక్లోవిర్ 800 మి.గ్రా. రోజుకి మూడుసార్లు రెండు రోజులు, లేదా వాలాసైక్లోవిర్ 500 మి.గ్రా. రోజుకి రెండుసార్లు మూడు రోజులు వంటివి. మీకేది సరిపోతుందో మీ గైనిక్ డాక్టర్ని అడిగి చీటీ మీద రాయించుకుని ఉంచుకోండి. ఏడాదికి ఆరేడుసార్లు వచ్చేవాళ్ళకి రోజూ ఒకటో రెండో మాత్రలు నెలల తరబడి ఇస్తాం. దాంతో తిరగబెట్టడం 70 నుంచి 80 శాతం తగ్గుతుంది. మీకు ఇప్పుడు ఆ అవసరం లేదు.

పుండ్లు ఉన్న రోజుల్లో గోరువెచ్చటి నీళ్ళ టబ్బులో పది నిమిషాలు కూర్చుంటే హాయిగా ఉంటుంది. మూత్రానికి వెళ్ళేటప్పుడు మగ్గుతో నీళ్ళు పోసుకుంటూ వెళ్తే మంట తగ్గుతుంది. వదులైన కాటన్ బట్టలు, నొప్పికి పారాసిటమాల్ చాలు. మూత్రం బొత్తిగా రాకుండా ఆగిపోతే మాత్రం ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్ళండి. పథ్యం ఏమీ లేదు. వంకాయ, గోంగూర, చేపలు అన్నీ తినొచ్చు. వేరుశెనగలు మానేయమని, లైసీన్ మాత్రలు వేసుకోమని నెట్‌లో రాస్తుంటారు, వాటికి గట్టి ఆధారం లేదు. నిద్ర చాలకపోవడం, జ్వరం, నెలసరి, టెన్షన్ కొందరిలో తిరగబెట్టిస్తాయి. మీ ఆయనకైతే ఎండ కూడా ఒక కారణం కావచ్చు. కాకినాడ వేసవిలో టోపీ, సన్‌స్క్రీన్ ఉన్న లిప్ బామ్ వాడమనండి.

అత్తగారి సర్పి సంగతి. అది ఆటలమ్మ వైరస్ ఏళ్ళ తర్వాత మళ్ళీ లేచి, ఒంటికి ఒకవైపే పట్టీలా వచ్చే జబ్బు. డాక్టర్లు దాన్ని హెర్పిస్ జోస్టర్ అంటారు కాబట్టి ఆవిడ పొరబడ్డారు. మీది వేరే వైరస్. మంత్రం అక్కర్లేదని, మందులతో తగ్గిపోయిందని చెప్పండి. ఆవిడకి అంతకుమించి తెలియాల్సిన పని లేదు.

మీ డాక్టర్ ఇంకో రెండు పరీక్షలు రాశారో లేదో మీరు చెప్పలేదు. జననాంగాల దగ్గర పుండు వచ్చిన ఎవరికైనా హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు ఒకసారి చేయడం పద్ధతి. ఇద్దరూ చేయించుకోండి. హెచ్‌ఐవీది మూడు నెలలకి ఇంకోసారి చేస్తే నిశ్చింత. ఇందులో ఆయన్ని అనుమానించడం ఏమీ లేదు, ఎవరొచ్చినా మేం ఇదే రాస్తాం. బయట చేయించుకోవడానికి మొహమాటంగా ఉంటే మీ ఊళ్ళోనే రంగరాయ మెడికల్ కాలేజీ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ఇలాంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ పేరుతో సుఖవ్యాధులకి పరీక్షలు, మందులు ఉచితంగా ఇస్తారు. పుండ్లు హెర్పిస్‌వని తేలితే అక్కడ ఇచ్చే ఎరుపు రంగు కిట్‌లో ఉండేది మీరు వాడిన ఎసైక్లోవిరే. ప్రభుత్వ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 నంబరుకి ఫోన్ చేసి కూడా అడగొచ్చు.

దాంపత్యం గురించి మీరు అడగలేదు కానీ మనసులో ఉండే ఉంటుంది. పుండ్లు, చిమచిమ ఉన్న రోజుల్లో వద్దు, చర్మం పూర్తిగా మానాక మొదలుపెట్టొచ్చు. ఆయన మూతి పేలినప్పుడు ముద్దులు, ఓరల్ సెక్స్ ఆపండి. మిగతా రోజుల్లో మీరిద్దరూ ఒకరికొకరు భయపడాల్సింది లేదు. ఇద్దరిలోనూ ఉన్నది ఒకే వైరస్, ఆయనకి దాని మీద పాత యాంటీబాడీలు ఉన్నాయి. మీ నుంచి ఆయనకి కొత్తచోట సోకే అవకాశం చాలా తక్కువ. కేవలం దీనికోసం కండోమ్ అవసరం లేదు.

భార్యాభర్తల్లో ఒకరికే టైప్-2 ఉండి రెండోవారికి లేకపోతే ఇంత నిశ్చింతగా చెప్పను. అలాంటివాళ్ళ ఉత్తరాలూ వస్తుంటాయి కాబట్టి రాస్తున్నాను. కండోమ్ రిస్కు తగ్గిస్తుంది, పూర్తిగా పోగొట్టదు, ఎందుకంటే అది కప్పని చర్మం నుంచి కూడా వైరస్ రావచ్చు. వైరస్ ఉన్నవారు రోజూ వాలాసైక్లోవిర్ 500 మి.గ్రా. వేసుకుంటే రెండోవారికి సోకడం దాదాపు సగానికి తగ్గిందని 2004లో వచ్చిన పెద్ద అధ్యయనంలో తేలింది. టైప్-2 ఉన్నవాళ్ళకి హెచ్‌ఐవీ సోకే అవకాశం కూడా ఎక్కువ. అలాగని ఏ లక్షణమూ లేకుండా, పెళ్ళి కుదిరిందనో హెల్త్ చెకప్ ఆఫర్ ఉందనో హెర్పిస్ రక్తపరీక్ష చేయించుకోకండి. టైప్-2 ఐజీజీ విలువ 1.1కి పైన, 3 లోపల వస్తే అది తప్పుడు పాజిటివ్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ. అలాంటి కాగితం పట్టుకుని సంబంధం వదులుకున్నా ఆశ్చర్యం లేదు. పొక్కు వచ్చినప్పుడు ఒకటి రెండు రోజుల్లోనే స్వాబ్ తీయించుకోవడమే సరైన పరీక్ష. మీ గైనిక్ డాక్టర్ ఆ పని చేశారు, అందుకే ఈవేళ ఇంత స్పష్టంగా మాట్లాడుకోగలుగుతున్నాం.

పిల్లల విషయంలో మీరు భయపడుతున్నంత లేదు. బిడ్డకి ప్రమాదం ఎక్కువగా ఉండేది, తల్లికి ఈ వైరస్ జీవితంలో మొదటిసారి గర్భం చివరి నెలల్లో సోకినప్పుడు. అప్పుడు తల్లి దగ్గర యాంటీబాడీలు ఇంకా తయారై ఉండవు, కాన్పులో బిడ్డకి సోకే అవకాశం 30 నుంచి 50 శాతం దాకా ఉంటుంది. గర్భానికి ముందే సోకినవాళ్ళలో అది ఒక శాతంకన్నా తక్కువ. మీ ఒంట్లో తయారైన యాంటీబాడీలు బిడ్డకి కూడా అందుతాయి. కాబట్టి దీనికోసం పిల్లల్ని వాయిదా వేయకండి. గర్భం వచ్చినప్పుడు మొదటి చెకప్‌లోనే డాక్టర్‌కి చెప్పండి, పక్కన ఎవరున్నా సరే. 36వ వారం నుంచి ఎసైక్లోవిర్ మాత్రలు ఇస్తారు. నొప్పులు మొదలయ్యే సమయానికి పుండ్లు గానీ, చిమచిమ గానీ ఉంటేనే సిజేరియన్ చేస్తారు, లేకపోతే మామూలు కాన్పే. పాలు ఇవ్వొచ్చు, రొమ్ము మీద పొక్కు ఉంటే మాత్రం ఆ వైపు ఇవ్వకూడదు.

అసలు జాగ్రత్త ఇంకోచోట కావాలి. పుట్టిన నెలన్నర లోపు పసిబిడ్డకి హెర్పిస్ సోకితే ప్రాణం మీదికి రావచ్చు. మూతి పేలి ఉన్న చుట్టమెవరైనా పురిటి గదిలోకి వచ్చి బిడ్డ బుగ్గ మీద ముద్దుపెట్టుకుంటే చాలు. అందులో మీ ఆయన కూడా ఒకరు. ఆ రోజుల్లో ఆయన పెదవి మీద పొక్కు వస్తే మాస్క్ పెట్టుకుని, చేతులు కడుక్కుని ఎత్తుకోవాలి, ముద్దులు తర్వాత. బారసాల నాడు వచ్చినవాళ్ళందరినీ వద్దనడం కష్టం, నాకూ తెలుసు. బిడ్డ ముఖానికి ముద్దు పెట్టొద్దని డాక్టర్ చెప్పారని మీ అత్తగారి చేతే అనిపించండి, ఆవిడ మాట వింటారు.

ఆడపడుచు గారి పాపని ఇప్పుడే వెళ్ళి ఎత్తుకోండి. మీకు పుండ్లు మానిపోయాయి. ఈ వైరస్ ఒంటి బయట ఎక్కువసేపు బతకదు. టాయిలెట్ సీటు, బకెట్, సబ్బు, మంచం, వాషింగ్ మెషిన్‌లో కలిపి ఉతికిన బట్టలు వేటివల్లా రాదు. పుండు ఉన్న రోజుల్లో దాన్ని ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కోండి, మీ తువ్వాలు వేరుగా పెట్టుకోండి, చాలు. పాపకి ఈ ఇంట్లో సోకే అవకాశం ఏదైనా ఉందంటే అది మామయ్య మూతి పేలినప్పుడు పెట్టే ముద్దుతోనో, ఆయన తాగిన గ్లాసుతోనో.

కంటి సంగతి మీ ఇద్దరికీ చెప్పాలి. పొక్కుని తాకిన చేత్తో కన్ను నలపకండి. ఎప్పుడైనా ఒక కన్ను ఎర్రబడి, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం ఉంటే ఇంట్లో మిగిలిన కంటి చుక్కలు వేయకుండా అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఆ చుక్కల్లో స్టీరాయిడ్ ఉండి, కంట్లో ఉన్నది హెర్పిస్ అయితే నల్లగుడ్డు మీద పుండు పెద్దదై చూపు పోవచ్చు. మూతి పేలే వాళ్ళు కాంటాక్ట్ లెన్సుల్ని ఉమ్మితో తడపడం ఇంకా ఘోరం.

మిగిలిన మాత్రలు పారేయకండి. ఎక్స్‌పైరీ తేదీ చూసుకుని, చిమచిమ మొదలవగానే అందేలా హ్యాండ్‌బ్యాగులో వేసుకోండి. సగం స్ట్రిప్పు పూర్తి కోర్సుకి సరిపోదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ చిన్న కోర్సుకి సరిపడా ఇంకొన్ని రాయించుకోండి.